అత్త బాగుందన్న రోజు

ఆదోని
10-6-1955

చిరంజీవి మాదన్నకు,

నీ కూతురు నిన్న మధ్యాహ్నం బస్సులో చేరింది. కండక్టరు చెయ్యి పట్టుకుని దించాడు. గుడ్డసంచిలో రెండు పావడలు, ఒక చీటీ. ఆ చీటీలో నువ్వు రాసింది మూడు ముక్కలు. గుంతమగ్గం తేమ పిల్లకు పడటం లేదని, ఆమెకు ఫిడేలు నేర్పమని, కాంపౌండరు హనుమన్న దగ్గర వారానికి మూడు బలం సూదులు వేయించమని. పదేళ్ళ పిల్లను అక్క మీదికి తోసేటప్పుడు ముందుగా ఒక కార్డు ముక్క రాయడానికి నీకు తీరిక లేకపోయింది. మగ్గంలో దిగితే నీకు లోకం గుర్తుండదు, తెలుసులే.

సరే, వచ్చిన పిల్లను నేనేం చేశానో విను. పాఠానికి ఎవరు వచ్చినా మొదట చేతికి ఫిడేలు ఇవ్వను, చెవి చూస్తాను. ఎనిమిది పింగాణీ గిన్నెల్లో నీళ్ళు ఎక్కువ తక్కువలు పోసి, కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా సరిచేసి పెట్టుకున్నాను. నేను తలుపు వెనక కూర్చుని వెదురుపుల్లతో కొడతాను. పిల్ల ఇవతల కూర్చుని ఏ స్వరమో చెప్పాలి. పత్తి వ్యాపారం రంగనాయకులు శెట్టి కూతురు కృష్ణకుమారి ఏడాదిన్నరగా వస్తోంది, ఇప్పటికీ మధ్యమాన్ని పంచమం అంటుంది. నీ అంజినమ్మకు నిన్న సాయంత్రం ఒక్కసారి వరుసగా వినిపించాను. ఈ పొద్దున కలగాపులగంగా కొడితే ఎనిమిదీ చెప్పింది. రెండు గిన్నెలు ఒకేసారి కొడితే రెండూ చెప్పింది. నాకు నమ్మకం కుదరక పిల్లను వీధి అరుగు మీద కూర్చోబెట్టి మళ్ళీ కొట్టాను. బండ్ల చప్పుడులో కూడా చెప్పింది.

ఈ చెవి నీది కాదు. నీకు దేవళం గంటకూ జిన్నింగు మిల్లు కూతకూ తేడా తెలియదు. అమ్మ రాట్నం ముందు కూర్చుని పాడేది చూడు, ఆ చెవి ఇది. మనిద్దరినీ దాటుకుని ఈ పిల్ల దగ్గరికి వచ్చింది. ఈ సంగతి నీకు రాస్తున్నానే గానీ ఆమెతో అనలేదు, అనను కూడా.

హనుమన్నతో మాట్లాడాను. నువ్వు ఆయనకు మందు ముందే పంపావట. అక్కకు కార్డు రాయడానికి లేని తీరిక కాంపౌండరుకు రాయడానికి ఉందన్నమాట. ఈ ఎండల్లో పిల్ల మెడకు గుడ్డ ఎందుకు చుట్టావు? అడిగితే గడ్డలు అంటోంది. వేడి నూనెతో మర్దన చేస్తాను.

నీ అక్క
గోవిందమ్మ


ఎమ్మిగనూరు
21-6-1955

అక్కకు మాదన్న నమస్కారాలు.

ముందుగా రాయకపోవడం తప్పే, ఒప్పుకున్నాను. ఇక్కడ నేనూ అంజిని తల్లి లక్ష్మక్కా బాగానే ఉన్నాం. అంజిని ఉన్నప్పుడు మగ్గం మీద నాడె టకటకకు సరిగ్గా ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండేది. నాడె ఒక దెబ్బ తప్పితే "నాయనా, తప్పింది" అనేది. ఇప్పుడు నేను తప్పినా అడిగేవాళ్ళు లేరు. లక్ష్మక్క దినానికి రెండుసార్లయినా నీ ఇంటి వైపు బస్సు ఎప్పుడని అడుగుతుంది.

అంజిని కూడా నాకొక కార్డు రాసింది. తిండి గురించి ఒక మాట, గిన్నెల గురించి పది మాటలు, చివర "అత్త ఇంతవరకూ ఒక్కసారి కూడా బాగుందనలేదు నాయనా" అని. అక్కా, పసిపిల్ల. నాకు రాసిన పొగడ్తలో చెంచాడు ఆమెకు పెడితే నీ సొమ్మేం పోతుంది? నేనైతే ఆమె నూలు కండె చుట్టి తెచ్చినప్పుడు చిక్కు పడినా బాగుందనే అంటాను. ఆమె అటు పోయినాక విప్పి సరిచేసుకుంటాను.

గడ్డలకు మర్దన వద్దు. బళ్ళారి డాక్టరు ముట్టుకోవద్దన్నాడు. సూదులు మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదు, మొత్తం అరవై. పాఠం ఒకరోజు పోతే పోనీ, సూది పోనియ్యద్దు. నీకు చెయ్యెత్తి మొక్కుతాను.

తమ్ముడు
మాదన్న


ఆదోని
5-7-1955

మాదన్నా,

బలం సూదికి చెయ్యెత్తి మొక్కడం ఎందుకురా, తప్పకుండా వేయిస్తూనే ఉన్నాను. పిల్ల సూది అంటే వణికిపోతుంది. చెయ్యి నేనే గట్టిగా పట్టుకుంటాను. హనుమన్న సూది ఉడకబెట్టేటప్పుడు గిన్నె మూత టకటకలాడుతుంది కదా, ముఖం అటు తిప్పుకుని అది ఏ స్వరమో చెప్పమంటాను. ఆలోచించి "గాంధారం" అనేలోగా సూది దిగిపోతుంది. ఒకరోజు "అత్తా, ఈ పొద్దు నీళ్ళు తక్కువ పోసినాడు, మధ్యమం అయింది" అంది. హనుమన్న నోరు తెరిచాడు.

ఇక నువ్వు అడిగిన బాగుంది సంగతి. అది మీ బావ నాకు నేర్పిన పద్ధతి. శ్రుతిలో ఉంటే ఏమీ అనకూడదు, తర్వాతి వరుస అందుకోవాలి. తప్పితే తప్పిందని చెప్పాలి. నాలుగు రోజులు పోతే పిల్లకే తెలిసిపోతుంది, అత్త మాట్లాడకపోతే సరిగ్గా ఉన్నట్టని. పెళ్ళయిన కొత్తలో నేనూ నీలాగే ఆయనతో పోట్లాడాను. ఏడేళ్ళు నేర్పాడు, ఒక్కనాడూ ఆ మాట అనలేదు. ఆఖరికి మదనపల్లె ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని మెల్లగా పాడుతున్నాను. దుఃఖంతో గొంతు పూడి శ్రుతి దిగిపోయింది. దిగిపోయిందని నాకే తెలుస్తోంది. ఆయన కళ్ళు మూసుకునే "బాగుంది గోవిందూ" అన్నాడు. ఇక నాకు నేర్పడం మానుకున్నాడని అప్పుడు అర్థమైంది. మూడో రోజు పోయాడు. అప్పటినుంచీ ఆ మాట నాకు విషం.

అంజిని గుచ్చి గుచ్చి అడిగితే ఈ కథ ఆమెకూ చెప్పాను. విని "అట్లయితే నువ్వు ఆ మాట నన్ను ఎప్పుడూ అనాకు అత్తా" అంది. కాబట్టి ఈ విషయంలో మా ఇద్దరి మధ్యకు నువ్వు రావద్దు.

నిన్న స్వరస్థానాల పాఠం. ఏడు స్వరాల్లో షడ్జమం, పంచమం కదలవని, మిగిలిన అయిదూ పైకీ కిందికీ కదులుతాయని చెప్పాను. ఫిడేలు తీగలు నాలుగూ కదలని ఆ రెంటికే కడతాం. స, ప, మళ్ళీ స, ప. "అవి కదిల్తే?" అంది. కదలవే, వాటిని పట్టుకునే మిగతావి నిలబడతాయన్నాను. "ఒకవేళ కదిల్తే?" అని మళ్ళీ. పనికిమాలిన ప్రశ్నలు మాని వరుస వాయించమన్నాను.

నీ అక్క
గోవిందమ్మ


ఆదోని
30-8-1955

మాదన్నా,

అంజినమ్మ జంట వరుసలు దాటి అలంకారాల్లో పడింది. మీ బావ చిన్న ఫిడేలు ఇచ్చాను. వేళ్ళు గుర్తు పెట్టినట్టు ఆ చోటనే పడుతున్నాయి. తన కూతురి పక్కన నీ కూతుర్ని కూర్చోబెట్టవద్దని శెట్టి భార్య నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు నాకు ఎంత ఇంపుగా ఉందో రాస్తే నువ్వు నన్ను చెడ్డదానివంటావు.

అయితే ఒక కొత్త బుద్ధి పుట్టింది. నిన్న గిన్నెల పాఠంలో పై షడ్జమం కొడితే పిల్ల పలకలేదు. మళ్ళీ కొట్టాను. "ఆ గిన్నె పగిలింది అత్తా. కట్టె మీద కొట్టినట్లు టక్కుమంటాండాది" అంది. తీసి చూశాను, గోటితో చుట్టూ తడిమాను. వెంట్రుకంత గీత కూడా లేదు. ఎదురుగా పెట్టి కొట్టాను, ఖణీమని మోగింది. నా ముఖం చూసి "సరేలే అత్తా" అని తల వంచుకుంది. తెలియకపోతే తెలియలేదని చెప్పే పిల్ల, గిన్నె మీదికి నెట్టడం ఎక్కడ నేర్చుకుంది? కృష్ణకుమారి సావాసం అయి ఉంటుంది.

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని తూలుతూ నడుస్తోంది. ఆటలెక్కువై కోడి నడకలు నడుస్తోందని ఒక మొట్టికాయ వేశాను. గడ్డలు మాత్రం బాగా తగ్గాయి, ముఖం తేరింది. నీ బలం సూది మంచిదే.

గోవిందమ్మ


ఎమ్మిగనూరు
7-9-1955

అక్కకు నమస్కారాలు.

గడ్డలు తగ్గాయని రాసిన వాక్యం లక్ష్మక్కకు నాలుగుసార్లు చదివి వినిపించాను. ఆమె ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి వచ్చింది. నీ ఋణం మేము తీర్చుకోలేం.

గిన్నె సంగతికి నాకు నవ్వొచ్చింది. ఇక్కడ కూడా పిలిస్తే పలకకుండా కూర్చోవడం దానికి అలవాటే. ఆటలో పడితే అంతే. నువ్వు కొంచెం గట్టిగా ఉండు, నేను ఏమీ అనుకోను. చెప్పింది వినకపోతే అత్త మాట నా మాటేనని దానికి కూడా రాశాను.

సూదులు ఆపవద్దు. అదొక్కటే నా మాట.

మాదన్న


ఆదోని
12-10-1955

మాదన్నకు,

నువ్వు గట్టిగా ఉండమన్నావు, ఉన్నాను. ఎంత ఉన్నానో విని సంతోషించు.

నెల రోజులుగా నీ కూతురు నన్ను ఆడిస్తోంది. మూడుసార్లు పిలిస్తే ఒకసారి తిరుగుతుంది. పై మూడు గిన్నెలు అసలు చెప్పదు. నేను పాఠం వాయిస్తుంటే "నీ ఫిడేలు మీద గుడ్డ కప్పినావా అత్తా" అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా నా చేతిలో ఉన్న ఫిడేలు గురించి, కృష్ణకుమారి ముందర. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఫిడేలు తీసి అటక మీద పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని వినడం చేతనయ్యే దాకా ముట్టుకోవద్దన్నాను. ఎనిమిది రోజులు అట్లాగే ఉంచాను.

ఏడవలేదు, బతిమాలలేదు. సున్నంతో నేల మీద నాలుగు గీతలు గీసుకుని, వాటి మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేది. తొమ్మిదో రోజు నేనే దించి ఇచ్చాను. వేళ్ళు ఒక్కటీ తప్పలేదు. కానీ నా వైపు చూస్తూ వాయిస్తోంది, వింటూ కాదు. నేను తల ఊపితే ఆగుతుంది.

ఒక మాట సూటిగా అడుగుతాను. పిల్లను నా దగ్గరికి సంగీతానికి పంపావా, సూదులకు పంపావా? ప్రతి ఉత్తరంలో సూది సూది అంటావు. పాఠం ఎంతవరకు వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. నా ఇల్లు ఆసుపత్రి కాదు.

గోవిందమ్మ


ఎమ్మిగనూరు
18-10-1955

అక్కకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. నాకు సంగీతం తెలియదు, ఎంతవరకు వచ్చిందని అడిగితే నువ్వు చెప్పేది నాకు అర్థం కాదు, అందుకే అడగలేదు. పిల్ల నీకు బరువైతే తీసుకుపోతాను. ఇంకా ఆరు సూదులున్నాయి. అవి అయిపోనీ. అవి అయితే దాని బతుకు నిలబడినట్టే. అంతవరకు ఓర్చుకో.

మాదన్న


ఆదోని
5-11-1955

మాదన్నా,

బతుకు నిలబడటం ఏమిటి? బలం సూదికి బతుకు నిలబడటం ఏమిటి? నీ కార్డు చూసినప్పుడే నా గుండెలో ముల్లు దిగింది. అయినా నేను మూర్ఖురాలిని, అడగలేదు.

పోయిన సోమవారం హనుమన్న గదిలో ఎప్పటిలాగే ఆమె చెయ్యి పట్టుకున్నాను. పిల్ల ముఖం గోడ వైపు తిప్పుకుంది. వెనక పొయ్యి మీద గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. ఏ స్వరమే అన్నాను. పలకలేదు. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని మళ్ళీ అడిగాను. నా పెదాల వైపు చూసి, "ఈ పొద్దు ఉడకబెట్టలేదా అత్తా?" అంది.

ఆ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. సూది వెయ్యనివ్వలేదు. ఇది ఏం మందో చెప్పమని హనుమన్నను నిలదీశాను. "క్షయ మందు గదమ్మా. మీకు తెల్దా? మాదన్న మీకు సెప్పినానన్నాడే" అన్నాడు. ఈ మందు కొందరికి చెవుల్లో గింగురుమంటుందని ఎక్కడో విన్నాడట. పిల్ల తనకు గింగురుమంటోందని ఒకసారి అంటే, నీరసం అనుకున్నాడట.

బుధవారం బళ్ళారికి తీసుకుపోయాను. చెవి డాక్టరు ఇనుప కడ్డీ మోగించి చెవి వెనక ఎముకకు ఆనించి చూశాడు. ముందు పై ధ్వనులు పోయాయట, ఇప్పుడు కిందివీ పోతున్నాయట, ఇక తిరిగి రావట. మందు ప్రాణం నిలిపిందని, చెవి తీసుకుందని అన్నాడు. ముందే గుర్తించి ఆపి ఉంటే కొంతైనా మిగిలేదేమోనని మెల్లగా అన్నాడు. మెల్లగా అననక్కర లేదు, ఆమెకు ఎట్లాగూ వినబడదు.

మాదన్నా, ఆ పిల్ల నాకు చెప్పింది. గిన్నె పగిలిందని చెప్పింది. ఫిడేలు మీద గుడ్డ కప్పావా అని అడిగింది. తూలింది. ఈ ఇంట్లో చెవి మీద బతికేదాన్ని నేనొక్కదాన్నే. నేను మొట్టికాయ వేశాను. వినడం నేర్చుకో అని ఫిడేలు అటక మీద పెట్టాను. వారానికి మూడుసార్లు కదలకుండా చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదు నువ్వు? ఒక్క మాట చెప్పి ఉంటే, బలం సూది అనకుండా ఉండి ఉంటే, నేను ఆగస్టులోనే డాక్టరును అడిగేదాన్ని.

వచ్చి తీసుకుపో. నాకు ఆమె ముఖం చూసే ధైర్యం లేదు.

గోవిందమ్మ


ఎమ్మిగనూరు
17-11-1955

అక్కా,

అంజినిని తీసుకురావడానికి వచ్చిన రోజు నువ్వు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నేనూ పిలవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మే నెలలో డాక్టరు గడ్డలు చూసి క్షయ అన్నాడు. దగ్గు లేదు కాబట్టి ఎవరికీ అంటదన్నాడు. అది అడిగి గట్టి చేసుకున్న తర్వాతే నీ ఇంటికి పంపాను, నమ్ము. ఈ ఊళ్ళో సూది వేసేవాడు కుదరలేదు, మగ్గం గుంత పక్కన ఉంచవద్దన్నాడు. మదనపల్లె నుంచి రైల్లో వచ్చిన బావ శవాన్ని ఇంటికి తెచ్చిన బండి తోలింది నేనే అక్కా. ఆ రోగం పేరు మళ్ళీ నీ గడపలో పలకడానికి నాకు నోరు రాలేదు. పేరు తెలిస్తే శెట్టి ఇంటివాళ్ళూ మిగతావాళ్ళూ పిల్లలను పాఠానికి పంపరని కూడా అనుకున్నాను. నీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

చెవులకు ముప్పు అని నాకెవరూ చెప్పలేదు. నువ్వు గిన్నె గురించి రాస్తే నేను నవ్వాను. గట్టిగా ఉండమన్నది నేనే. నువ్వు పట్టుకున్నది చెయ్యి మాత్రమే, సూది పొడిచింది నేను.

పిల్ల బాగానే తింటోంది. గడ్డలు లేవు. పలక మీద రాసి మాట్లాడుకుంటున్నాం. మగ్గం నడుస్తుంటే వచ్చి చెక్క మీద చెయ్యి పెట్టి కూర్చుంటుంది.

మాదన్న


ఆదోని
20-12-1955

మాదన్నా,

తప్పు ఎవరిదని ఇక రాసుకోవద్దు. రాసిన కొద్దీ పెరుగుతోంది.

మీ బావ చిన్న ఫిడేలు బస్సులో పంపుతున్నాను. అది అంజినమ్మది. వాయిస్తుందో లేదో నాకు తెలియదు, ఆమె వస్తువు ఆమె దగ్గర ఉండాలి. చక్కగా శ్రుతి చేసి పంపుతున్నాను. తల దగ్గర నాలుగు బిరడలున్నాయి చూడు, తీగలు బిగించేవి, వాటిని నువ్వు గానీ ఆమె గానీ ముట్టుకోవద్దు. ఆమెకు పలక మీద రాసి చూపించు.

పాఠాలు మళ్ళీ మొదలుపెట్టాను. గిన్నెల పాఠం మానేశాను.

గోవిందమ్మ


ఎమ్మిగనూరు
2-3-1956

అక్కకు నమస్కారాలు.

ఫిడేలు వచ్చిన రోజు నుంచీ అంజిని పొద్దునా సాయంత్రమూ వాయిస్తోంది. నువ్వు చెప్పిన వరుసలన్నీ మొదటి నుంచి చివరి దాకా. ఒకటి అయినాక కాసేపు ఆగుతుంది, నువ్వు ఎదురుగా ఉన్నట్టు చూస్తుంది, తర్వాత రెండోది ఎత్తుకుంటుంది. గడ్డం కింద చెక్క వణికితే తెలుస్తుందట. బిరడలు ముట్టుకోనివ్వదు. నేను దుమ్ము తుడవబోతే కూడా చెయ్యి తోసేస్తుంది, అత్త ముట్టుకోవద్దనింది అని. ఇరుగుపొరుగు మొదట్లో వచ్చి వినేవాళ్ళు. ఈ మధ్య రావడం లేదు, ఎందుకో.

నేను రోజూ పలక మీద బాగుందని రాస్తాను. నిన్న ఆ పలక తుడిచి నాకు ఇచ్చేసింది. "నీకు తెల్దు నాయనా. నువ్వు చిక్కు పడిన కండెను కూడా బాగుందంటావు. అత్త వచ్చి వినాల. అత్త అబద్ధం సెప్పదు" అంది.

నీ మీద కోపం ఆమెకు ఎప్పుడూ లేదు అక్కా. ఒక్కసారి రా.

మాదన్న


ఆదోని
14-3-1956

మాదన్నా,

మొన్న ఆదివారం నీ ఇంట్లో ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. నువ్వు బస్సు వేళ కనుక్కోవడానికి పోయావు.

పిల్ల జుట్టు దువ్వుకుని, కొత్త పావడ కట్టుకుని కూర్చుంది. నా చేతికి పలకా బలపమూ ఇచ్చింది. పలక మీద "శ్రుతిలో ఉందా?" అని ముందే రాసిపెట్టింది. వాయించడం మొదలుపెట్టింది.

మొదటి కమాను దెబ్బకే తెలిసిపోయింది. ఒక్క స్వరం చోటులో లేదు. అన్నీ తప్పే, అన్నీ. ఈడ్చినట్టు, ఏడ్చినట్టు ఉంది. వీధిలో పోతున్న మీ పక్కింటి తిమ్మమ్మ చెవి మూసుకోవడం నా కళ్ళతో చూశాను. నాకు కన్నీళ్ళు ఆగలేదు. అరుగు మీద కూర్చుని బండ్ల చప్పుడులో ఎనిమిది స్వరాలు చెప్పిన పిల్ల ఇదేనా అనుకున్నాను. అంతకు మించి నాకు ఏదీ వినబడలేదు. ఆమె ఆపి నా ముఖం వైపు చూసింది. లేదని రాయడానికి నా చెయ్యి రాలేదు. ఏమీ రాయకుండా ఉండటానికీ ధైర్యం చాలలేదు. పలక మీద "బాగుంది" అని రాశాను.

చదివింది. మళ్ళీ చదివింది. పావడ అంచుతో తుడిచింది. కమాను వెంట్రుకలు వదులు చేసి, ఫిడేలు పెట్టెలో పెట్టింది. లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే నా వీపు నిమిరింది మాదన్నా, నేనే పసిదాన్నయినట్టు.

ఇప్పుడు విను. నిన్న కృష్ణకుమారి తన ఫిడేలు ఎండలో పెట్టి తెచ్చింది. వాయిస్తుంటే అదే ఏడుపు. చూస్తే వేళ్ళు సరైన చోటే ఉన్నాయి. తీగలు దిగిపోయాయి. నా చెయ్యి దానంతట అది పోయి బిరడ తిప్పింది, స్వరం నిలబడింది.

అంజినమ్మ వేళ్ళు తప్పలేదు. కళ్ళు మూసుకుని ఆ చేతిని గుర్తు తెచ్చుకున్నాను. ఒక్క వేలు, వెంట్రుకంతైనా తప్పలేదు. మూడు నెలలు, చలి పోయి ఎండలు వచ్చాయి, తీగలు దిగాయి. ముట్టుకోవద్దన్నది నేనే. ఆమె నా మాట జవదాటలేదు. కదలని రెండు స్వరాలూ కదిలితే ఏమవుతుందని ఆనాడు ఆమె అడిగితే, పనికిమాలిన ప్రశ్న అన్నాను. నేను ఆ నాలుగు బిరడలు తిప్పి నోరు మూసుకుని కూర్చుని ఉంటే చాలు, ఆమె రెండో వరుస ఎత్తుకునేది. నేను ఒక చెవిటి పిల్ల వాయించడం విన్నాను. నా శిష్యురాలు వాయించడం వినలేదు.

ఈ ఆదివారం వస్తున్నాను. ప్రతి ఆదివారం వస్తాను. శ్రుతి చేసి ఇస్తాను, ఆమె వాయిస్తుంది. అంతవరకు ఆమెకు ఏమీ చెప్పవద్దు, నేనే చెప్పుకుంటాను.

గోవిందమ్మ


ఎమ్మిగనూరు
16-3-1956

అక్కా,

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను, ఆదివారం లోపల నీకు అందాలని.

నువ్వు పోయిన సాయంత్రమే అంజిని ఫిడేలు తీగలు విప్పింది. నేను చూశాను, తుడవడానికనుకున్నాను. నాలుగింటినీ నూలుగుడ్డతో తుడిచి, వేరువేరుగా చుట్టి, ఒక్కొక్కదానికి దారంతో చిన్న చీటీ కట్టింది. స, ప, స, ప. ఆ చీటీలు చూసేదాకా నాలుగూ వేరువేరు తీగలని కూడా నాకు తెలియదు. కృష్ణకుమారికి తీగలు తెగుతుంటాయి, ఆమెకు పంపమని నా చేతిలో పెట్టింది. నేను పంపలేదు.

నిన్న నీ ఉత్తరం చదివిన తర్వాత ఉండబట్టలేక నేనే వాటిని కట్టడానికి కూర్చున్నాను. మగ్గం మీద పడుగు బిగువు వేలితో చూసి చెప్పేవాణ్ణి కదా, తీగ బిగువు తెలియకపోతుందా అనుకున్నాను. చీటీలు చూసి రెండు కట్టాను. ఎంతవరకు బిగించాలో తెలియలేదు. అంజిని వాకిట్లోంచి చూసి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఆపింది. కోపంగా కాదు, నెమ్మదిగానే అంది.

"అత్త బాగుందనింది గదా నాయనా. ఇంగ పాఠం అయిపోయినట్లే."

రెండూ విప్పి, మళ్ళీ చుట్టి, చీటీలు కట్టి నా ఒళ్ళో పెట్టి పోయింది. నువ్వు రాసిందంతా ఆమెకు పలక మీద రాసి చూపిద్దామని బలపం పట్టుకున్నాను. ఏ మాట రాయబోయినా, నా చేత్తో రాస్తే ఆమె నమ్మదని తోచింది. ఇన్నాళ్ళూ నేను రాసింది ఒకటే మాట కదా.

తీగలు మగ్గం పక్క గూట్లో ఉన్నాయి. ఆదివారం మొదటి బస్సుకే రా అక్కా. వచ్చి తీగలు కట్టు, శ్రుతి చెయ్యి, ఫిడేలు ఆమె చేతికి ఇచ్చి ఎదురుగా కూర్చో. తీసుకుంటుందో లేదో నాకు తెలియదు. తీసుకుని వాయిస్తే మాత్రం ఏమీ అనకు.

తమ్ముడు
మాదన్న